మొహాల పెట్టె

నాకు ముక్కు మీద కోపం అని మా ఆస్పత్రిలో అందరూ అంటారు. అంటే అన్నారు గానీ, మందుల కిటికీ దగ్గర కూర్చునేదానికి ఆ మాత్రం కోపం లేకపోతే పని జరగదు. పూటకొకటి వేసుకోమన్న మాత్రలు అన్నీ కలిపి ఒకేసారి మింగేసి, "తొందరగా తగ్గుతుందని" అనేవాళ్ళని ముద్దు చెయ్యమంటారా? పేరుకి నేను ఫార్మసిస్టుని. జనానికి మాత్రం మందులమ్మని. కోపం వచ్చినప్పుడు కూడా మందులమ్మనే.

మాది చిన్న ఆస్పత్రి. బస్సుస్టాండు వెనక వీధి చివర, రేకుల వరండా, దాని వెనక వరసగా మూడు గదులు. ఒకదాంట్లో డాక్టరుగారు, ఒకదాంట్లో సిస్టర్, మూడోదాంట్లో సగం మందుల బీరువాలు, సగం నేను. నేను కాస్త వెడల్పు మనిషిని లెండి. వరండాలో నీలం బెంచీలు, వాటి మీద పొద్దున్నించీ దగ్గులు, మూలుగులు, పిల్లల ఏడుపులు. వచ్చిన ప్రతివాళ్ళూ చివరికి నా కిటికీ ముందు నుంచే బయటికి వెళ్ళాలి. అందుకే ఆ పెట్టెని కూడా సరిగ్గా నా కిటికీ ఎదురుగా తెచ్చి నిలబెట్టారు.

తెచ్చింది పై ఆఫీసు ఉద్యోగి. పెళ్ళయి, నెత్తి మీద జుట్టు పల్చబడుతున్నవాడే గానీ నా కంటికి అబ్బాయే. ఏ ఆస్పత్రి ఎంత బాగా పనిచేస్తోందో కొలవడం అతని పని కాబట్టి లెక్కలబ్బాయి అని పేరు పెట్టాను. అంతకు ముందు కొలవడం అంటే ఎంతమంది వచ్చారు, ఎన్ని సూదులు వేశారు, ఇంతే. ఇప్పుడు జనాన్నే అడగాలని పైవాళ్ళకి ఆలోచన వచ్చిందట.

"ఇన్నేళ్ళుగా వైద్యం చేస్తున్నాం గానీ, మీకెలా ఉందండీ అని వాళ్ళని ఒక్కసారైనా అడిగామా మేడమ్?" అన్నాడు, స్టాండుకి మరలు బిగిస్తూ.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు అబద్ధం ఆడను.

పెట్టె టిఫిను డబ్బా అంత ఉంది. దాని మీద మూడు బటన్లు. ఒకటి ఆకుపచ్చది, నవ్వే మొహం. ఒకటి పసుపుది, నవ్వూ ఏడుపూ లేని మొహం. ఒకటి ఎర్రది, ఏడ్చే మొహం. వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి నొక్కాలి. నొక్కగానే 'టింగ్' అంటుంది. ఆ టింగ్ అక్కణ్ణించి నేరుగా పై ఆఫీసుకి పోతుంది.

"ఎవరు నొక్కారో తెలుస్తుందా?" అని అడిగాను.

"తెలీదు మేడమ్, ఎప్పుడు నొక్కారో మాత్రమే తెలుస్తుంది. ఇంక మొహమాటం ఎందుకుంటుంది? చదువు రానివాళ్ళు కూడా మనసులో మాట చెప్పొచ్చు."

మొదటి వారం అదొక వేడుక. పిల్లలు నొక్కాలని ఏడ్చేవాళ్ళు, నొక్కాక ఇంకోసారి నొక్కాలని ఏడ్చేవాళ్ళు. వరండా ఊడ్చే ఆవిడ పొద్దున్నే తడిగుడ్డతో పెట్టె తుడిస్తే టింగ్ టింగ్ టింగ్ మని మూడూ మోగేవి. తెల్లారకముందే ముగ్గురు వచ్చి వైద్యం చేయించుకుని వెళ్ళారని పై ఆఫీసు వాళ్ళు మురిసిపోయి ఉంటారు.

ఇక సిస్టర్ సంగతి చెప్పాలి. మా ఆస్పత్రికి ఉన్న ఒకే ఒక్క నర్సు. చిన్న మనిషి, గొంతు ఇంకా చిన్నది. కానీ ఆవిడ గదిలో గట్టిగా మాట్లాడితే డాక్టరుగారినైనా సరే "బయట మాట్లాడండి సార్" అంటుంది. కట్టు మార్చేటప్పుడు మనిషితో కాదు, పుండుతో మాట్లాడుతుంది. "ఏంటమ్మా, ఇవాళ బుద్ధిగా ఉన్నావా? చీము పెట్టలేదు కదా? మంచిదానివి" అంటుంది. పుండుని మంచిదానివి అనే మనిషిని నేను వేరే చూడలేదు. మొదట్లో నవ్వేదాన్ని. తరవాత్తరవాత ఆ గొంతు విని పుండున్నవాళ్ళు కూడా నొప్పి మర్చిపోవడం చూసి నోరు మూసుకున్నాను.

ఆవిడ దగ్గరకి రోజు విడిచి రోజు వచ్చేవాడు గుడ్ల తాత. వీధి మొదట్లో బల్ల వేసుకుని గుడ్లు అమ్ముతాడు. షుగరు మనిషి. కొత్త చెప్పు కరిచి పాదం మీద పుండు పడింది, పట్టించుకోలేదు, అది అరచెయ్యంత అయింది. పెద్దాస్పత్రిలో చూసి పాదం తీసేయాలన్నారు. అక్కణ్ణించి నేరుగా మా వరండాలోకి వచ్చి కూలబడ్డాడు.

"నిలబడి అమ్మితేనే గుడ్లు కొంటారమ్మా. కూర్చున్నవాడి దగ్గర కొనరు, జాలిపడి పోతారు" అన్నాడు.

సిస్టర్ పుండు చూసింది, డాక్టరుగారిని పిలిచి చూపించింది. డాక్టరుగారు పెద్దాస్పత్రి డాక్టరుకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. చివరికి వాళ్ళు ఒప్పుకున్నారు. పుండు తగ్గుతూ ఉంటే సరే, ముదిరిందంటే అదే రోజు పంపించాలి. అప్పటినించి తాత పాదం సిస్టర్ చేతుల్లో ఉంది. సెలైన్ నీళ్ళతో కడగడం, చచ్చిన చర్మం తియ్యడం, మందు గాజుగుడ్డ పెట్టడం, కట్టు కట్టడం. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటికి వస్తుందని ఆవిడ భయం. సెలవు పెట్టిన రోజు కూడా ఆ కాస్త పనికి వచ్చి వెళ్ళేది. అరచెయ్యంత ఉన్న పుండు నెమ్మదిగా రూపాయి బిళ్ళంత అయింది.

ఇలా ఉండగా డాక్టరుగారు పై ఆఫీసులో సమీక్షకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళిన మనిషి, వచ్చేటప్పుడు పిండేసిన గుడ్డలా వచ్చారు.

"మన ఆస్పత్రి అడుగున ఉంది" అన్నారు.

"ఎంత అడుగున?" అన్నాను.

"మన కింద ఇంకెవరూ లేరు. అన్నీ ఎర్రమొహాలే. అందులోనూ కట్లు కట్టే పూట మరీ ఎక్కువట." గొంతు తగ్గించారు. "వచ్చే సమీక్షకి మారకపోతే సిస్టర్‌ని ఇక్కణ్ణించి తీసేసి సామాన్ల గోడౌన్లో వేస్తారట."

గొంతు తగ్గించి ఏం లాభం? గోడ అవతల సిస్టర్ విననే వింది. ఏమీ అనకుండా నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ, "నా చేతులు మొరటుగా ఉన్నాయేమో అక్కా. నాకు తెలీడం లేదేమో. నొప్పెట్టినా మొహమాటానికి చెప్పడం లేదేమో" అంది.

ఇంకెవరైనా ఆవిడని అలా అంటే కొట్టేదాన్ని. ఆవిడ తన్ను తాను అలా అనుకుంటుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. మంటంతా జనం మీదికి మళ్ళింది. పొద్దున్న లేస్తే తల్లీ చల్లగా ఉండు అనడం, బయటికొచ్చి గొంతు కొయ్యడం! ఇదెవరి పనో కళ్ళారా చూడాలని ఆ మర్నాటి నుంచి మాత్రలు లెక్కపెడుతూ ఓ కన్ను పెట్టె మీదే వేశాను.

చూద్దును కదా, గుడ్ల తాత. కట్టు కట్టించుకుని, "నీ చెయ్యి పడితే చాలమ్మా, ప్రాణం లేచొస్తుంది" అని సిస్టర్‌కి దణ్ణం పెట్టి, కర్ర పొడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. పెట్టె ముందు ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని, తప్పు పోకుండా బొటనవేలితో ఎర్రమొహాన్ని గట్టిగా నొక్కాడు. టింగ్ అనే దాకా వేలు తియ్యలేదు.

నేను కిటికీ వదిలేసి బయటికి వచ్చాను. మందుల కోసం నిలబడినవాళ్ళు బిత్తరపోయి పక్కకి జరిగారు.

"తాతా! ఏం నొక్కావు నువ్వు?"

"ఏడుపుదమ్మా."

"ఏం పాపం చేసిందని ఆ పిల్ల? నీ కాలు నిలబెట్టినందుకా?"

తాత నా వైపు వింతగా చూశాడు. "కాలు నిలబడింది గానీ పుండు ఇంకా మానలేదు కదమ్మా! అప్పుడే నవ్వే మొహం నొక్కితే నయమైపోయిందనుకోరూ? ఇంక రావద్దంటే నా గతేంటి?"

నడుం మీద పెట్టుకున్న చేతులు దించేశాను.

"మా పక్కింటావిడ సంగతి నీకు తెలీదు" అన్నాడు తాత. "ఆయాసం మనిషి. ఇంటికొచ్చి మందులిచ్చేవాళ్ళు. ఒకరోజు ఎవరో వచ్చి, ఎలా ఉందమ్మా అని అడిగారు. పాపం, ఇంటికొచ్చినవాళ్ళ ముందు మూలుగుతూ కూర్చుంటే ఏం బాగుంటుందని, బాగానే ఉంది బాబూ అంది. అంతే, ఇంటికి మందులు రావడం ఆగిపోయింది. బాగున్నావని నువ్వే చెప్పావు కదా అన్నారు. అప్పటినించి మా వీధిలో అందరికీ తెలుసమ్మా. గవర్నమెంటువాళ్ళు ఎలా ఉన్నావని అడిగితే బాగాలేదనే చెప్పాలి. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక ఏడవందే వీళ్ళు పెడతారా?"

బెంచీల మీద కూర్చున్నవాళ్ళు అవునంటే అవునని తలలూపారు. బీపీ మాత్రల కోసం వచ్చిన ఆవిడ, "నేను రెండుసార్లు నొక్కుతా మందులమ్మా, డాక్టరుగారి పేర ఒకటి, సిస్టరమ్మ పేర ఒకటి. ఇద్దరూ ఉండాలని" అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఈ పిచ్చివాళ్ళు ఇన్నాళ్ళూ ప్రేమతో మమ్మల్ని అడుగుకి తొక్కేశారు. ఎంత ఇష్టమో అంత ఎర్రగా నొక్కారు. సిస్టర్ అంటే అందరికన్నా ఇష్టం కాబట్టి కట్లు కట్టే పూట పెట్టె భగ్గుమంది.

అప్పుడు అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆ మొహం మీ రోగం మొహం కాదు. మేం మిమ్మల్ని ఎలా చూసుకున్నామో దాని మొహం. ఇలాగే నొక్కితే సిస్టర్‌ని తీసుకుపోయి గోడౌన్లో పడేస్తారు.

"అయ్యో తల్లీ" అన్నాడు తాత. "నా చేతుల్తో నేనే..." అని ఆగిపోయాడు. కాసేపు పెట్టెవైపు చూసి, "మరి నవ్వే మొహం నొక్కితే నిజంగా ఏమీ తీసుకుపోరు కదా?" అని అడిగాడు.

"తీసుకుపోరు. నాదీ పూచీ" అన్నాను.

గుడ్లబల్ల దగ్గర చెప్పిన మాట వీధి వీధంతా తిరగడానికి ఎంతసేపు? మర్నాటి నుంచి ఆకుపచ్చ వరద మొదలైంది. కట్లకి వచ్చినవాళ్ళు నొక్కారు, వాళ్ళకి తోడు వచ్చినవాళ్ళు నొక్కారు. ఒంట్లో ఏ రోగమూ లేని టైలరు పనికి వెళ్తూ సైకిలు వరండా మెట్ల దగ్గర ఆపి, లోపలికొచ్చి ఒక టింగ్ కొట్టించి వెళ్ళేవాడు. సూది పొడిపించుకుని గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లల వేలు పట్టుకుని తల్లులు నవ్వే మొహం మీద పెట్టేవాళ్ళు. నేను కసిరినవాళ్ళు కూడా నొక్కారు, అదే నాకు సిగ్గనిపించింది. సిస్టర్ మాత్రం మళ్ళీ పుండ్లతో కబుర్లు మొదలుపెట్టింది. అది వింటే నాకు ప్రాణం కుదుటపడింది.

ఒక్క రోజే మనసు చివుక్కుమంది. ఒకామె చంటిపిల్లకి దగ్గుమందు కోసం వచ్చింది. పిల్ల దగ్గుతుంటే చిన్న పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరుగారు మందు రాశారు. నా బీరువాలో లేదు. అయిపోయి చాలా రోజులైంది, పంపమని మూడు ఉత్తరాలు రాశాను.

"లేదమ్మా. బయట కొనుక్కోవాలి" అన్నాను. ఎవరికైనా లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు నా గొంతు ఇంకా పెళుసుగా ఉంటుంది.

ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకుంది. పిల్లని భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ ఆకుపచ్చ మొహం నొక్కి, "సిస్టరమ్మ ఉండాలి కదా" అని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది. నేనే వెళ్ళి ఆమె తరఫున ఎర్రది నొక్కుదామని లేచాను. పెట్టె దాకా వెళ్ళాను కూడా. సిస్టర్ గొంతు వినపడి వెనక్కి వచ్చి కూర్చున్నాను.

నా ఉత్తరాలకి జవాబు కూడా ఆ వారంలోనే వచ్చింది. మీ దగ్గర జనం చాలా తృప్తిగా ఉన్నారు కాబట్టి, మందులు ముందు ఎర్రగా ఉన్న ఆస్పత్రులకి పంపుతున్నాం, కొంచెం ఓపిక పట్టండి అని. నాకు అప్పుడే లోపల ఎక్కడో గుబులు పుట్టింది. తాతకి ఇచ్చిన పూచీ గుర్తొచ్చింది.

కొన్నాళ్ళకి లెక్కలబ్బాయి వచ్చాడు. మొహం అతని పెట్టె మీద ఆకుపచ్చ బొమ్మలాగే ఉంది.

"మేడమ్! మీరు అడుగు నుంచి ఏకంగా పైకి వచ్చేశారు! ఇలా ఎక్కడా జరగలేదు!"

డాక్టరుగారు కుర్చీ వేయించారు. సిస్టర్ తలుపు దగ్గర నిలబడి సిగ్గుపడుతూ నవ్వింది. లెక్కలబ్బాయి ఆవిడ వైపు తిరిగి, "సిస్టర్, ఇదంతా మీ చలవే. అందుకే పైవాళ్ళు మిమ్మల్ని ఇప్పుడు అడుగున ఉన్న ఆస్పత్రికి వేశారు. దాన్ని కూడా మీరే బాగుచెయ్యాలని. వచ్చే వారం చేరాలి" అన్నాడు.

సిస్టర్ నవ్వు ఆగిపోయింది. తనేదో శుభవార్త తప్పుగా చెప్పానేమోనన్నట్టు, "ఇది శిక్ష కాదండీ, గౌరవం" అన్నాడు మళ్ళీ.

నాలో ఉన్న కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. బాబూ, మీరు అనే మర్యాద అంతా గాలికి పోయింది.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనయ్యా! ఏడిస్తే తీసేస్తామన్నారు. నవ్వితే తీసుకుపోతామంటున్నారు. ఇంక ఏం చేస్తే ఉంచుతారో అది చెప్పు! దానికో బటన్ పెట్టు! ఆవిడ వెళ్తే ఇక్కడ కట్లు ఎవరు కడతారు?"

"కొత్త సిస్టర్ వస్తారు మేడమ్."

"ఎప్పుడు?"

అతను నేల చూశాడు. తరవాత నెమ్మదిగా, "సిస్టర్‌ని వేసిన ఊళ్ళో ఆస్పత్రికి ఆడవాళ్ళు వెళ్ళడమే మానేశారు మేడమ్" అన్నాడు. "కసురుతారని, నెడతారని. మా అక్క పురుడుకి అక్కడికే బయల్దేరింది. ఆ తిట్లు తలుచుకుని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చేసింది. బిడ్డ దక్కలేదు. అప్పుడు మా అక్కకి నొక్కడానికి బటన్ కూడా లేదు."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్నాళ్ళూ ఇతన్ని మరలు బిగించే మనిషి అనుకున్నాను. కోపం పోయిందని చెప్పను. కానీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం పెట్టుకుని ఏం చేస్తాం?

సిస్టర్ లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, అక్కడివాళ్ళకీ కాళ్ళుంటాయి కదా" అంది. ఆ చిన్న గొంతుతోనే అంది. కళ్ళు మాత్రం నిండిపోయి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే గుడ్ల తాత కట్టు కోసం వచ్చాడు. అందరి మొహాలూ చూసి, విషయం విని, వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. నేను తల ఎత్తలేకపోయాను. నాదీ పూచీ అన్నదాన్ని నేనే. నే చెప్పలేదూ అని దెప్పుతాడనుకున్నాను. దెప్పలేదు. లెక్కలబ్బాయిని దగ్గరికి పిలిచాడు.

"బాబూ, చదువుకున్నవాడివి, కాస్త చెప్పు. సిస్టరమ్మ వెళ్ళిపోతోంది. దానికి ఏ మొహం నొక్కాలి?"

లెక్కలబ్బాయి పెట్టెవైపు చూశాడు. తాత పాదంవైపు చూశాడు.

"దానికి మొహం పెట్టలేదు తాతా" అన్నాడు.

ఉన్న కొద్ది రోజుల్లో సిస్టర్ నాకు కట్టు కట్టడం నేర్పింది. డాక్టరుగారు పుండు చూస్తారు, కానీ వరండా నిండా జనాన్ని పెట్టుకుని రోజూ ఆయన కడుగుతూ కూర్చోలేరు. నాకా, పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకేగా మందుల కిటికీ వెనక దాక్కున్నాను ఇన్నాళ్ళూ. మొదటిరోజు గోడ పట్టుకున్నాను. రెండోసారి కుర్చీ పట్టుకున్నాను. మూడోసారి సిస్టర్ నా చెయ్యి పట్టుకుని గాజుగుడ్డ మీద పెట్టి, "రుద్దకక్కా, అద్దు. ఊరికే తాకు. ఇది శత్రువు కాదు" అంది.

"నువ్వైతే కబుర్లు చెప్తావు. నాకు దాంతో ఏం మాట్లాడాలో తెలీదు" అన్నాను.

"తిట్టు అక్కా. నీకు వచ్చింది అదేగా" అంది. ఇద్దరం నవ్వాం. తాత కూడా నవ్వాడు. ఆ తరవాత ముగ్గురం ఎందుకో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోలేదు.

సిస్టర్ వెళ్ళిన మర్నాడు తాత కట్టు రోజు. నేను కిటికీకి గడియ పెట్టి, చేతులు కడుక్కుని, ఆవిడ స్టూలు మీద కూర్చున్నాను. అది నాకు చాలా చిన్నది. తాత పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని పాత కట్టు తడిపి విప్పాను. పుండు చొక్కా గుండీ అంత అయింది. చుట్టూ లేత గులాబీరంగు చర్మం. చీము లేదు.

"ఏంటే" అన్నాను పుండుతో. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఇన్నాళ్ళు ఆవిడ ముందు మంచిదానివి అనిపించుకున్నావు. నా దగ్గర వేషాలు వేశావో, చూడు మరి!"

తాత పెదవి బిగపట్టి కూర్చున్నాడు. నా చెయ్యి రెండు మూడుచోట్ల గట్టిగా తగిలిందని నాకు తెలుసు. "నొప్పెట్టిందా?" అని అడిగితే, "లేదమ్మా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. పెద్ద అబద్ధాలకోరు ఈ తాత. చివరికి ఎలాగో కట్టు పూర్తి చేశాను. సిస్టర్ కట్టు మేజోడులా ఉండేది. నాది దిండులా వచ్చింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "వెచ్చగా ఉంది" అన్నాడు.

నేను నా గదిలోకి వచ్చి కిటికీ తెరిచాను. తాత కర్ర పొడుచుకుంటూ వరండాలోకి వచ్చి పెట్టె ముందు ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. నా కట్టు ఎలా ఉందో నాకు తెలియదా? ఏది నొక్కినా ఏమీ అనుకోకూడదని మనసులో అనుకున్నాను.

ఎర్రమొహం మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. టింగ్ అనే దాకా తియ్యలేదు.

అనుకోకూడదనుకున్నా గుండె కలుక్కుమంది. తాత కిటికీ దగ్గరకి వచ్చి, వెనక నిలబడినవాళ్ళకి వినపడకుండా ముందుకి వంగి, "ఏమీ అనుకోకమ్మా" అన్నాడు. "నవ్వేది నొక్కితే నిన్ను కూడా పట్టుకుపోతారు. నువ్వన్నా ఉండాలి కదా."

అలా అని కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగి, నా దిండు కట్టుతో గుడ్లబల్ల వైపు వెళ్ళిపోయాడు.

నేను తల బీరువాలో పెట్టి మందులు వెతుకుతున్నట్టు నటించాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. బయట ఎవరో దగ్గారు, ఇంకెవరో తలుపు తట్టినట్టు కిటికీ చెక్క మీద తట్టారు. కొంగుతో మొహం తుడుచుకుని బయటికి చూశాను.

"ఏంటా తొందర? పారిపోతానా నేనెక్కడికైనా?" అని కసిరాను. "చీటీ ఇటివ్వు."